పావుగంట చక్రం

కూర్మాచారిగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతిలో ఆకురాయి పెట్టి, బల్లమీదున్న చెక్కముక్కని చూపిస్తారు. దాని అంచు నున్నబడేలోపు సగం ప్రశ్నలు వాటంతటవే రాలిపోతాయని ఆయన నమ్మకం. అలా రాలకుండా మిగిలిన ప్రశ్న ఏదైనా ఉంటే, అప్పుడు లేచి, కొక్కేనికున్న చొక్కా తొడుక్కుని, "పదండి, చూద్దాం" అంటారు. ఆ మాట ఆయన నోట వినడానికి కొందరు శిష్యులు ఏళ్ళ తరబడి చెక్క అరగదీశారు.

ఆయన విజయనగరంలో నలభై ఏళ్ళు గోడగడియారాలు బాగుచేసిన మనిషి. కీ ఇచ్చే గడియారాల రోజులు చెల్లిపోయాక కొట్టు మూసేసి, ఇంటి ముందుగదిలో చక్రాలు చెయ్యడం మొదలుపెట్టారు. అంకుడు కర్రతో పూరేకుల్లా కోసిన రెండు పెద్ద చక్రాలు గోడకి తగిలించి ఉంటాయి. వాటి వెనక ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగు బిగించి వదిలితే చక్రాలు ఒకటి ఇటూ ఒకటి అటూ నెమ్మదిగా తిరుగుతాయి. రెండింటి రేకులూ ఒకదానిమీదొకటి పడి, పువ్వు విచ్చుకుంటున్నట్టూ మళ్ళీ ముడుచుకుంటున్నట్టూ కనిపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఇది దేనికి పనికొస్తుందండీ అని అడిగిన పెద్దమనుషులూ లేకపోలేదు. "చూడ్డానికి" అని ఊరుకునేవారు ఆయన. ఆదివారాలు నలుగురైదుగురు ఆ పని నేర్చుకోడానికి వచ్చేవారు, అందరూ జుట్టు నెరిసినవాళ్ళే.

వాళ్ళలో సత్యవేణి ఒకతె. హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైన మనిషి. రంపం పట్టడం వారం రోజుల్లో నేర్చేసుకుంది, గీత గీస్తే గీత మీదే కోస్తుంది. ఆవిడ ఒక ఆదివారం ఆకురాయి అందుకుని, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అరగదీసి, ఆ తర్వాత కూడా అదే ప్రశ్న అడిగింది.

"గురువుగారూ, నా చక్రం అసలు ఆగకుండా తిరగాలంటే ఏం చెయ్యాలి?"

కూర్మాచారిగారు కళ్ళజోడు తీసి ఆవిడకేసి చూశారు. "ఎందుకమ్మా ఆగకూడదు?" అన్నారు.

ఎందుకో చెప్పాలంటే ఆవిడ ఇంటి సంగతి చెప్పాలి. ఆవిడ భర్త గౌరీశ్వరరావు ముప్ఫయ్యొక్క ఏళ్ళు బస్సు నడిపాడు. సాలూరు దాటాక వచ్చే ఘాటు రోడ్డు అతనికి ఇంటి వరండాతో సమానం. రిటైరైన ఆరు నెలలకి పక్షవాతం వచ్చి ఎడమకాలూ ఎడమచెయ్యీ పడిపోయాయి. మాట పోలేదు గాని ముద్దగా వచ్చేది. పరామర్శకి వచ్చిన తోటి డ్రైవరొకడు పాపం "ఏటన్నావు, ఏటన్నావు?" అని మూడుసార్లు అడిగాడు. ఆ రోజుతో గౌరీశ్వరరావు మాట్లాడ్డం మానేశాడు. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే అమ్మాయి మాత్రం చెయ్యి పట్టుకు చూసి, ఇందులో ఇంకా జీవం ఉందండీ అంది. ఈ రెండు మూడు నెలల్లో ఆయనంతట ఆయన కదిలించకపోతే వేళ్ళు ముడుచుకుపోయి అలాగే ఉండిపోతాయనీ చెప్పింది. ఎన్ని చెప్పినా అతను పైకప్పుకేసి చూస్తూ పడుకునేవాడు.

సత్యవేణి చెయ్యని సేవ లేదు. అన్నం తినిపించేది, మొహం తుడిచేది, దిండు సర్దేది. అతను ముక్కు చిట్లిస్తే చాలు, దురదేమోనని వెళ్ళి గోకేది. ఇన్ని చేసినా కళ్ళలో వెలుగనేది లేని మనిషికి, ఆవిడ చేసి తెచ్చిన చక్రమొక్కటే పట్టింది. గోడకి తగిలించి తిప్పిన రోజున అతని చూపు పైకప్పు మీంచి దిగి ఆ రేకుల మీదికి వచ్చింది. అంతే, ఇక అది ఆగకూడదని ఆవిడ పంతం పట్టింది. మొదట మూడు గంటలు తిరిగేది. ఇంకా గట్టి స్ప్రింగు వేసి ఎనిమిది గంటలకి తెచ్చింది. చక్రం మందగిస్తోందని అనుమానం వస్తే పొయ్యిమీద పాలు వదిలేసి పరిగెత్తేది. రోజంతా తిరగాలని అంతకన్నా గట్టి స్ప్రింగు బిగించేసరికి, దాని బలానికి చక్రం చెక్కపళ్ళు రెండు విరిగి ఊడిపడ్డాయి. ఇక ఎలాగోలా పాత స్ప్రింగే వేసి, పళ్ళు అతికించి, గురువుగారి దగ్గరికి వచ్చింది.

ఇదంతా విని కూర్మాచారిగారు లేచి చొక్కా తొడుక్కున్నారు. "పదండి, చూద్దాం."

సత్యవేణి ఇంట్లో ఆయన గౌరీశ్వరరావు మంచం పక్కన కుర్చీ వేయించుకుని రెండు గంటలు కూర్చున్నారు. మజ్జిగ ఇస్తే తాగారు. చక్రం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. సత్యవేణి భర్తకి అన్నం తినిపించడం, మూతి తుడవడం, దుప్పటి లాగి సర్దడం చూస్తూ కూర్చున్నారు. ఇంతలో చక్రం మందగించింది. ఆవిడ గిన్నె కింద పెట్టి లేవబోయింది.

"కూర్చోండమ్మా" అన్నారాయన.

కూర్చుంది గాని ప్రాణం గిలగిల్లాడింది. చక్రం ఇంకో అరచుట్టు తిరిగి, రేకులు సగం విచ్చుకుని ఉండగా ఆగిపోయింది. గురువుగారు కనీసం అటు చూడనైనా చూడలేదు. ఆయన చూపు దుప్పటి మీద ఉంది. అక్కడేముందా అని ఆవిడా చూసింది. భర్త ఎడమచెయ్యి తప్ప అక్కడేమీ లేదు.

"డ్రైవరుగారూ, ఘాటులో గేరు ఏ చేత్తో వేసేవారు?" అని అడిగారాయన.

"ఎడమచేత్తోనేనండీ, డ్రైవర్లందరూ అంతే కదా" అంది సత్యవేణి.

"మిమ్మల్ని కాదమ్మా అడిగింది."

ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది ఆవిడకి. కూర్మాచారిగారు చక్రాన్ని గోడమీంచి దింపి, పాత దుప్పటి అడిగి దానికి చుట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

పదిరోజులు ఇంట్లో ఖాళీ గోడే మిగిలింది. పదకొండోనాడు మధ్యాహ్నం ఆయనే చక్రంతో వచ్చి, మంచానికి ఎడమవైపు, కిందుగా, కొలిచి మరీ బిగించారు. చక్రం కింద కొత్తగా ఒక టేకు కడ్డీ ఉంది. దాని కొసన అరచేతిలో ఇమిడే గుండ్రటి పిడి, అద్దంలా నున్నగా తీసిన పిడి. కడ్డీని కిందికి లాగి వదిలితే టిక్కుమని శబ్దం వచ్చి, లోపల స్ప్రింగు ఒక పన్ను బిగుసుకుంటుంది. అలా అయిదుసార్లు లాగితే పూర్తిగా బిగుస్తుంది. ఆయన అయిదుసార్లు లాగి వదిలారు. పువ్వు విచ్చుకుంది. సత్యవేణి మనసు కుదుటపడి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. కాఫీ కలిపి, ఆయనకిచ్చి, ఖాళీ గ్లాసు అందుకునే వేళకి చక్రం ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. పెద్ద స్ప్రింగు తీసేశాను. టైంపీసులో అలారానికి వాడే చిన్నది వేశాను. పావుగంట తిరుగుతుంది."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. గురువు, వయసులో పెద్దాయన, ఇంటికొచ్చిన మనిషి అన్న సంగతి కూడా మరిచిపోయింది. "ఎనిమిది గంటలు తిరిగేదాన్ని పావుగంట చేసి తెచ్చారా? ఆయనకి చూసుకోడానికి మిగిలింది అదొక్కటేనండీ! మీకేం అన్యాయం చేశాం?" అంటూ ఏడ్చేసింది.

కూర్మాచారిగారు ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆగారు. "ఇవాళ్టినుంచి మీరు దీన్ని ముట్టుకోకూడదు. మాట ఇవ్వండి" అన్నారు.

"మరెవరు తిప్పుతారు?"

ఆయన గుమ్మంలోకి వెళ్ళి చెప్పులు వేసుకున్నారు. ఎందుకిచ్చిందో తెలీదు గాని, ఆవిడ మాట ఇచ్చింది.

మర్నాడు చక్రం కదల్లేదు. గౌరీశ్వరరావు దానికేసి చూశాడు, తర్వాత భార్యకేసి చూశాడు. ఆవిడ ఆ చూపు భరించలేక పెరట్లోకి వెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. రెండోనాడు అతను కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మూడోనాడు ఒక్కసారి కుడిచెయ్యి అటువైపు చాపాడు గాని అందలేదు. పిడి ఎడమచేతికి మాత్రమే అందేలా కొలిచిన సంగతి అప్పటికి ఆవిడకి అర్థమయింది. అర్థమయ్యాక గురువుగారి మీద కోపం ఇంకా పెరిగింది. పడి ఉన్న మనిషితో ఇదేం పరాచికం, చేతగాదని తెలిసీ అందని చోట పెట్టి ఆడిస్తాడా అని గింజుకుంది. నాలుగోనాడు ఇక తన వల్ల కాలేదు. మాటా లేదు గీటా లేదు అనుకుని వెళ్ళి ఆ పిడి పట్టుకుంది.

"ఒద్దు."

ఎవరన్నారోనని ఒక్క క్షణం చుట్టూ చూసింది. ముద్దగా, మోటుగా వచ్చింది ఆ మాట. గౌరీశ్వరరావు ఆవిడకేసే చూస్తున్నాడు. ఆ కళ్ళలో కోపం ఉంది. పెళ్ళయిన కొత్తలో, అతను బస్సు స్టార్టు చేస్తుంటే పక్కన నించుని ఆవిడ ఏదో సలహా చెప్పబోయినప్పుడు చూసిన కోపమే. ఇన్ని నెలల్లో ఆ కళ్ళలో ఏదో ఒకటి కనిపించడం అదే మొదలు. సత్యవేణి పిడి వదిలేసి, అలాగే వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆరోనాడు సాయంత్రం చపాతీలకి పిండి కలుపుతోంది. గదిలోంచి మంచం కిర్రుమంది. కాసేపటికి ఏదో గోడకి తగిలిన చప్పుడు, ఆ వెనకే ఆయాసం. పరిగెత్తమని కాళ్ళు లాగాయి. పడిపోయాడేమో, చెయ్యి ఇరుక్కుందేమో, ఒక్కసారి వెళ్ళి చూస్తే తప్పేమిటి అనిపించింది. గుమ్మందాకా వెళ్ళింది కూడా. అక్కడ, పిండి చేతులు రెండూ ఎత్తిపట్టుకుని, నిలబడిపోయింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో అంత కష్టమైన పని ఆవిడ ఇంకోటి చెయ్యలేదు.

గదిలోంచి మాటలు వినిపించాయి. తనతో కాదు. "ఎక్కు తల్లీ... ఎక్కు... ఎక్కవే..." అంటున్నాడు.

ఆ మాటలు ఆవిడకి తెలుసు. ఎప్పుడో ఒక్కసారి అతని బస్సులో ఘాటు ఎక్కింది. నిండు బస్సు, వాన, పెద్ద మలుపు. గేరు మారుస్తూ అతను బండితో ఈ మాటలే అన్నాడు, పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు.

టిక్కుమంది.

చాలాసేపు ఇంకేమీ వినపడలేదు. ఇంకోసారి టిక్కుమంది. ఆ వెనక చెక్కపళ్ళు ఒకదాన్నొకటి తాకుతూ కదిలే సన్నటి సవ్వడి మొదలైంది. ఆవిడ గదిలోకి వెళ్ళలేదు. వంటింటి గోడకి ఆనుకుని, నేలమీదే కూలబడి, పిండి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. లోపల ఆ చక్రం ఆరు నిమిషాలు తిరిగింది.

నెల గడిచాక గాని ఆవిడ కూర్మాచారిగారి ఇంటికి వెళ్ళలేకపోయింది. ఏం మొహం పెట్టుకు వెళ్ళాలో తెలియలేదు మరి. వెళ్ళేసరికి ఆయన ఎప్పట్లాగే బల్లముందు కూర్చుని ఉన్నారు. ఏమీ అడగకుండా ఆవిడ చేతికి ఆకురాయి అందించారు. ఆవిడ కూర్చుని ఒక చక్రం రేకు అంచు అరగదీయడం మొదలుపెట్టింది. గంటసేపటికి అంచు నున్నబడింది.

"ఇప్పుడు అయిదుసార్లూ ఆయనే లాగుతున్నారండీ. ఎడమచేత్తోనే. నిన్న చెంచా కూడా పట్టుకోబోయి నా మీద అన్నం పోశారు" అంది. "నేనే ఇంకా చేతులు ముడుచుకుని కూర్చోడం నేర్చుకోలేకపోతున్నాను గురువుగారూ. అది రోజుకి ఇరవైసార్లు ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా నా గుండె ఆగినట్టుంటోంది."

కూర్మాచారిగారు చేతిలోని చెక్కముక్కమీద పొట్టు ఉఫ్‌మని ఊదారు.

"ఇరవయ్యేనా? ఆ స్ప్రింగు ఓసారి ఇలా పట్రండమ్మా. పది నిమిషాలకి తెద్దాం."