కళ్ళకు గంతలతో ఎక్కే ముచ్చటమ్మ గుట్ట

తునికిలొద్ది దాటాక జీపు దారి ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలినడకే. గంటసేపు ఎక్కితే గుట్ట మీద మనిషెత్తు నల్లరాయి కనిపిస్తుంది. ఆమే ముచ్చటమ్మ. గుడి లేదు, గోపురం లేదు. నెత్తిన నీడ కూడా ఒప్పుకోని తల్లి. మండువేసవిలోనూ ఆ రాతి పాదం దగ్గర చెమ్మ ఆరదు. భక్తులు తెచ్చిన కొబ్బరికాయలు, పూలదండలు సంచిలోనే ఉంచుకోవాలి. అమ్మకు నైవేద్యం ఒక్కటే, దారిలో కళ్ళారా చూసిన ఒక ముచ్చట. ఫోను చూసుకుంటూ పైదాకా ఎక్కివచ్చిన ఘనులను పూజారి సోమిరెడ్డి మొహమాటం లేకుండా మళ్ళీ కిందికి పంపిస్తాడు.

ఏటా మామిడి పండుగకు ముందు ఏడుగురు పిల్లలు అడవి నేర్చుకోవడానికి ఈ గుట్ట ఎక్కుతారు. వారికి నేర్పే పెద్దావిడ కళ్ళకు గంతలు కట్టుకుని నడుస్తుంది. కొత్తగా వచ్చినవారు అది చూసి నవ్వుతారు. కథ విన్నాక నవ్వరు.

పూర్వం ఇక్కడ కొండరెడ్ల పల్లెలో పండమ్మ అనే వృద్ధురాలు ఉండేది. ఏ తీగ కింద ఏ దుంప ఊరుతుందో ఆమెకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఒక ఏడు ఆమె ఊరిని నమ్మి దుంపలున్న వాలు చూపించింది. జనం ఎగబడి, తలలతో సహా పెకలించుకుపోయారు. తీగ మొదలున్న తలను తిరిగి పాతితేనే మరుసటి ఏటికి దుంప ఊరుతుంది. ఆ తరువాత ఆ వాలు మీద ఒక్క తీగ లేవలేదు. పండమ్మ మనసు విరిగిపోయింది. ఈ విద్య తనతోనే మట్టిలో కలవాలని ఒట్టు పెట్టుకుంది.

కాలం గడిచి ఆమె కళ్ళకు పొర కమ్మింది. అదే సమయానికి వరుసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. గింజలు అయిపోయాయి, మామిడి టెంకల పిండీ అయిపోయింది. పండమ్మ మనుమరాలు ముత్తెం ఆకలికి ఏడవడం కూడా మానేసింది. దుంపలున్న చోట్లు తెలిసిన ఒకే ఒక్క మనిషికి చూపు లేకపోయె!

ఒక మధ్యాహ్నం పండమ్మ తడుముకుంటూ గుట్ట ఎక్కి, నల్లరాయిని పట్టుకుని ఏడ్చి ఏడ్చి అక్కడే కునుకు తీసింది. కలలో అమ్మ కనిపించింది.

"పండమ్మా, నేను నీకు నేర్పాను. నువ్వెవరికి నేర్పావు?"

"సూపిత్తే పాడు సేశారు తల్లీ!"

"చూపావు గాని, నేర్పావా? పిల్లలను అడవికి తీసుకుపో. నువ్వు చెప్పకు, వారినే అడుగు. పచ్చికొమ్మ విరవనీయకు. చూసినది వచ్చి నాకు చెప్పమను."

మరునాడు ఆమె పిల్లలను పంపమంటే ఊరిపెద్ద పెదకాపు అడ్డుపడ్డాడు. "కళ్ళు కనపడవు గదా అత్తా, పిల్లల్ని యాడికి తోలుకపోతావు?"

"కళ్ళు ఆళ్ళకున్నయ్యి గదరా" అని పండమ్మ ముత్తెం భుజం మీద చెయ్యి వేసి నడిచింది. మరో ఆరుగురు పిల్లలు వెంట వెళ్ళారు.

ఏం కనిపిస్తోందని అడుగడుగునా ఆమె అడుగుతూనే ఉంది. చాలాసేపటికి ముత్తెం ఆగింది.

"అవ్వా, ఎండిన తీగ."

"ఏ పక్కకి సుట్టుకుంది?"

"కుడి పక్కకి."

"ముళ్ళున్నయ్యా?"

"లెవ్వవ్వా."

"తవ్వండి!"

చేతి పొడవున తెల్లదుంప బయటపడింది. పిల్లల నోళ్ళలో నీళ్ళూరాయి. పండమ్మ అరచెయ్యి చాపింది. "ముందు తలకాయ నా సేతిలో పెట్టండి." పోయిన ఏళ్ళలో కడుపు నిండిన పెద్దలే చేయని పని అది. ఏడుగురూ తలను విరిచి ఆమె చేతికిచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని గుంటలో పాతి, మన్ను కప్పారు. అప్పటిదాకా ఒక్కరూ దుంప కొరకలేదు. ఆ ముసలి గుండె పొంగిపోయింది.

తిరుగుదారిలో రాయి ముందు నిలిచి పిల్లలు ఒక్కొక్కరే చెప్పారు. ఒకడు ఉడుమును చూశానన్నాడు, ఒక పిల్ల చీమలు గుడ్లు మోయడం చూశానన్నది. చివరగా ముత్తెం వంతు వచ్చింది.

"మన్ను కప్పేటప్పుడు మా అవ్వ ఏడత్తా నవ్వింది. నేను సూశాను తల్లీ."

ఆ మాట పూర్తయ్యేసరికి రెండేళ్ళుగా ఎండిన రాతి పాదం చెమ్మగిల్లి, సన్నటి నీటి ధార కదిలింది. పండమ్మ వంగి తడిని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది. చూపు రాలేదు. రావాలని ఆమె కోరనూ లేదు. తాను పోయేదాకా ఏటా పిల్లలతో అడవికి వెళ్ళింది.

నేటికీ ఆ ఆచారం తప్పలేదు. ఆశ్రమ పాఠశాల పిల్లలూ ఇప్పుడు వంతులు వేసుకుని వస్తున్నారు. అమ్మకు ముచ్చట చెప్పినవారి ఇంట ఆకలి ఉండదని, నేర్చిన విద్య మరుపు రాదని నమ్మకం. ఏడో పిల్ల ముచ్చట ముగిశాక పెద్దావిడ గంతలు విప్పుతుంది. ముందుగా ఏడుగురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసుకుని, ఆ తరువాతే అమ్మకు మొక్కుతుంది.