ప్రజాసభ నిజంగా కూర్చున్న రోజు

ఏ పటంలోనూ దొరకని రాజ్యం ఒకటుండేది. పేరు మందారగిరి. దాన్ని ఏలే ధరణీవరాహదేవుడికి బిరుదులంటే మహా ఇష్టం. ఆయన భోజనానికి లేచినా సరే, భట్టు ముందు నడుస్తూ బిరుదులన్నీ చదవాల్సిందే. చదవడం అయ్యేసరికి పులుసు చల్లారిపోయేది. రాజుగారు చల్లారిన పులుసే తినేవాడు గానీ ఒక్క బిరుదు తగ్గించుకునేవాడు కాదు.

అన్నిటిలోకీ ఆయనకు ముద్దయిన బిరుదు ‘స్త్రీజనోద్ధారక’. అది ఆయన పెట్టించిన సభే తీర్మానించి ఇచ్చింది.

తానొక్కడే ఏలితే అందరు రాజుల్లో కలిసిపోతానని ఆయన ఒక ప్రజాసభ పెట్టించాడు. ఊళ్ళవాళ్ళు ఎన్నుకున్న సభ్యులు అందులో ఐదేళ్ళు కూర్చోవాలి, తమలో ఒకణ్ణి సభానాయకుడిగా ఎంచుకోవాలి. మూడింట ఒక వంతు పీఠాలు ఆడవాళ్ళవేనని దండోరా కూడా వేయించాడు. పొరుగు రాజ్యాలన్నీ ముక్కున వేలేసుకున్నాయి.

ఆడవాళ్ళు గెలిచారు. వాళ్ళ మొగుళ్ళు వచ్చి కూర్చున్నారు.

ఇది ఎవరికీ వింతగా తోచలేదు. సభ్యులకిచ్చే పట్టు ఉత్తరీయం పెళ్ళాం పేరున వచ్చేది, మొగుడి భుజాన పడేది. హాజరు పిలిచేవాడు “మాణిక్యాంబగారు!” అంటే చెవుల దాకా మీసాలున్న భుజంగరావు “ఉన్నాను” అని పలికేవాడు. కొన్నాళ్ళకు బజారులో కూడా జనం ఆయన్ను మాణిక్యాంబగారూ అనే పిలిచేవారు. ఆయన ఏ మాత్రం నొచ్చుకోకుండా తిరిగి చూసేవాడు. అసలు మాణిక్యాంబ ఆ వేళకు పెరట్లో ఆయన పంచె ఉతుకుతూ ఉండేది.

తన పీఠంలో తానే కూర్చున్న ఆడది సభ మొత్తానికి ఒక్కతే. కొంగలలంక నుంచి గెలిచిన నూకరత్నం. అదేదో ఆమె సాహసం అనుకునేరు. ఆమెకు మొగుడు లేడు, చచ్చిపోయాడు. బదులు కూర్చునే మనిషి లేక ఆమే రావలసి వచ్చింది. ఈ రాజ్యంలో ఆడదానికి పీఠం దక్కాలంటే ముందు పసుపు కుంకుమ పోవాలన్నమాట. పొద్దున్నే రాజుగారి చూపు విధవ మీద పడకూడదని మహామంత్రి సోమయాజులు ఆమె పీఠాన్ని ఒక స్తంభం వెనక వేయించాడు.

ఆ స్తంభం వెనక నుంచి నూకరత్నం ఐదేళ్ళూ ఒక్కటే అడిగింది.

కొంగలలంక ఏటి నడుమ ఉంది. వానాకాలం ఏరు పొంగితే పడవ కట్టరు. ఆ సమయంలో నొప్పులొస్తే ఆడదాని గతి అంతే. నూకరత్నం పెద్దకూతురు సీతాలును నలుగురు తెగించి పడవెక్కించారు. ఏటి మధ్యలోనే ఆ పిల్ల పోయింది, కడుపులో బిడ్డతో సహా. అందుకని నూకరత్నం లంకలో ఒక పురిటిల్లు వేయించమంది. అందులో ఏడాది పొడుగునా ఉండే మంత్రసానిని ఒకామెను పెట్టమంది. ఇంతే.

ఐదేళ్ళలో సభానాయకులు ముగ్గురు మారారు. మొదటివాడు, “తప్పకుండా చూద్దామమ్మా” అన్నాడు. రెండోవాడు మొదటివాణ్ణి పడదోసి వచ్చి, “వాడు చెయ్యలేదు, నేను చేస్తాను చూడు” అన్నాడు. మూడోవాడు రెండోవాడి మనుషుల్ని తనవైపు లాక్కుని వచ్చి, “ఏ పురిటిల్లు?” అన్నాడు.

ఇప్పుడు నూకరత్నం చిన్నకూతురు పైడితల్లికి నెలలు నిండుతున్నాయి. సరిగ్గా ఏరు పొంగే కాలానికి పురుడు. ఆలోగా సభ గడువు తీరిపోతుంది.

సభ్యులకు మాత్రం వేరే తొందర ఉంది. గడువు తీరేనాటికి నాయకుడి పీఠం మీద ఎవడుంటే వాడి చిత్తరువు సభామండపం గోడకు వేలాడదీస్తారు. ఆ గోడ కోసం మళ్ళీ ఇద్దరు బయల్దేరారు. తన మనుషుల్ని అవతలివాడు ఎత్తుకుపోతాడని భయపడి ఒకడు తనవాళ్ళను బళ్ళకెక్కించి ఊరవతల మామిడితోటలో దాచాడు. అవతలివాడు తనవాళ్ళను కొబ్బరితోటలో దాచాడు. అక్కడ పగలు పేకాట, రాత్రి వేటమాంసం, గేటు దగ్గర కాపలా. పెళ్ళాల పీఠాల్లో కూర్చునే మొగుళ్ళను మరింత భద్రంగా దాచారు. సభామండపంలో పావురాలు తప్ప ఎవరూ లేరు.

అదే సమయానికి నీలవేణి రాజ్యం నుంచి కబురొచ్చింది. ఆ రాజ్యాన్ని ఏలే మహారాణి అపరాజిత, ధరణీవరాహదేవుడు గొప్పలు పోతూ రాసిన లేఖలన్నీ చదివి ముచ్చటపడి, ‘మీ సభలో కూర్చునే స్త్రీలను కళ్ళారా చూడాలని వస్తున్నాను’ అంది.

రాజు గుండెల్లో రాయి పడింది.

“సోమయాజులూ, తోటల్లోంచి అందరినీ పిలిపించు!”

“పిలిపిస్తే మీసాలొస్తాయి ప్రభూ.”

“అయితే ఆ ఆడవాళ్ళనే పిలిపించు. ఎక్కడున్నారు వాళ్ళు?”

“వంటిళ్ళలో.”

పల్లకీలు వెళ్ళాయి, ఖాళీగా తిరిగొచ్చాయి. ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఒక అత్తగారు అడ్డం నిలబడి, “మా కోడలికి సభతో పనేమిటయ్యా? అవన్నీ మా అబ్బాయి చూసుకుంటాడు” అని పంపేసింది. చివరికి రాజుకు స్తంభం వెనక మనిషి గుర్తుకొచ్చింది.

నూకరత్నం వచ్చి నిలబడింది. రాజు మొహం కాస్త పక్కకు తిప్పుకున్నాడు.

“నూకరత్నమ్మా, ఇంటింటికీ వెళ్ళి ఆ ఆడవాళ్ళను తీసుకురావాలి. నువ్వు పిలిస్తే వస్తారట.”

“వచ్చి ఏం చెయ్యాలి ప్రభూ?”

“ఏమీ చెయ్యక్కర్లేదు. పట్టు ఉత్తరీయం కప్పుకుని కూర్చోవడమే.”

“బొమ్మల కొలువు పెట్టమంటారు.”

“అదే అనుకో.”

“పెడతాను. కానీ వచ్చేది రాజ్యమేలే మనిషి. సభ చూసిన మనిషి. నోరెత్తకుండా కూర్చుంటే కొలువో సభో ఆమెకు తెలియకపోతుందా? ఒక విషయం ఎత్తాలి. ఒకరు అవుననాలి, ఒకరు కాదనాలి, చేతులెత్తాలి, ముద్ర పడాలి.”

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. “పెద్ద విషయాలు వద్దు ప్రభూ. పన్నులు, సైన్యం అలాంటివి ఆడవాళ్ళ చేతిలో...”

“చిన్నదే ఎత్తుదాం మంత్రిగారూ,” అంది నూకరత్నం. “ఐదేళ్ళుగా మీరంతా చాలా చిన్నదంటున్న విషయం ఒకటి నా దగ్గరుంది.”

రాజు, మంత్రి మొహాలు చూసుకున్నారు. ‘అతిథి వెళ్ళిపోయాక కొట్టేద్దాం’ అని మంత్రి కళ్ళతోనే చెప్పాడు. రాజు సరేనన్నాడు.

నూకరత్నం ఇల్లిల్లూ తిరిగింది. అత్తలతో పోట్లాడలేదు. “రాజుగారి పేరంటం, మహారాణి వస్తోంది, తాంబూలాలిస్తారు” అంది. పేరంటానికైతే ఏ అత్తా కాదనదు. విధవ వచ్చి పేరంటానికి పిలవడమేమిటని ఒకామె మాత్రం మూతి విరిచింది, అయినా కోడలికి జరీచీర తీసిచ్చింది.

సభామండపంలో అడుగుపెట్టి మాణిక్యాంబ తన పీఠం దగ్గర ఆగిపోయింది. భుజంగరావు బరువుకు దాని మీది దిండు నడుమ గుంట పడి ఉంది.

“వదినా, ఇదేనా నాది?”

“ఇదే.”

“ఐదేళ్ళూ ఇక్కడే ఉందా?”

“ఎక్కడికీ పోలేదమ్మా. నీ కోసమే చూస్తోంది,” అంది నూకరత్నం. మాణిక్యాంబ దిండును రెండు చేతులా దులిపి, తిరగేసి వేసుకుని కూర్చుంది.

ఖాళీగా ఉన్న మగ పీఠాలకు సోమయాజులు తెర కట్టించాడు. మహారాణి వచ్చింది. భట్టు బిరుదులు చదివాడు. ఆమె ఆవులింత ఆపుకుంది. హాజరు పిలిచేవాడు ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే సన్నటి గొంతులు పలికాయి. ఆ పేర్లకు అలాంటి గొంతులుంటాయని తెలియక అతను రెండుసార్లు తడబడ్డాడు.

నూకరత్నం లేచి పురిటిల్లు సంగతి చెప్పింది. సీతాలు సంగతి చెప్పలేదు. చెప్పబోయి ఆగింది. “మా లంకలో ఆడవాళ్ళు ఏరు తగ్గేదాకా పురుడు ఆపుకోలేకపోతున్నారు. అది వాళ్ళ తప్పే. అయినా సభవారు దయతలచాలి” అని మాత్రం అంది.

కాదనే వంతు మాణిక్యాంబకిచ్చారు. ఆమె లేచి, లేని మీసం ఒకసారి దువ్వుకుంది. మొగుడి గొంతు ఎత్తుకుంది. “చూద్దాం లేమ్మా! తొందరెందుకు? ఖజానా సంగతి తెలియాలి, వచ్చే ఏడు వానలెలా ఉంటాయో తెలియాలి. అయినా మా అమ్మ పొలంలో కనలేదూ? ఇప్పటి ఆడవాళ్ళకు సుకుమారం ఎక్కువ!”

సభ ఘొల్లుమంది. అందరిళ్ళలోనూ ఆ గొంతే మరి. నవ్వుతూ నవ్వుతూనే మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుని, “కాదనమన్నారు, అన్నాను. ఇక చెయ్యెత్తుతాను” అని అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఒక్కో చెయ్యీ లేచింది. గాజుల చప్పుడుకు పావురాలు ఎగిరిపోయాయి. ముద్ర పడింది.

“ఇంత సూటిగా నడిచే సభ నా రాజ్యంలో కూడా లేదు,” అని మహారాణి రాజుకు చేతులు జోడించి, పడవరేవుకు బయల్దేరింది.

ఆమె పల్లకీ వీధి మలుపు తిరిగిందో లేదో, సోమయాజులు తీర్మానం చేతికి తీసుకున్నాడు.

“ఇది చెల్లదు. కూర్చున్నవాళ్ళు సభ్యులు కారు. ప్రదర్శన కోసం తెచ్చినవాళ్ళు.”

ఆడవాళ్ళు ఉత్తరీయాలు మడతపెడుతున్నారు. ఆ మాటకు చేతులాగిపోయాయి.

“అవును, చెల్లదు,” అంది నూకరత్నం. “ఆ పేర్లు పెట్టుకుని పుట్టి, ఆ పేర్లతో గెలిచిన ఈ ఆడవాళ్ళు సభ్యులు కారు. సరే. ఆ పేర్లు కూడా లేని మొగుళ్ళు ఎలా సభ్యులయ్యారు మంత్రిగారూ?”

“అది ఆచారం!”

“ఆచారమంటే పెళ్ళాం పీఠంలో పెళ్ళాం తరఫున కూర్చోవడం. పెళ్ళామే సభ్యురాలు కాకపోతే తరఫు ఎక్కడిది? అప్పుడు వాళ్ళెత్తిన చేతులూ చెల్లవు.” ఆమె రాజు వైపు తిరిగింది. “ప్రభూ, ‘స్త్రీజనోద్ధారక’ బిరుదు తీర్మానం గుర్తుందా? మగ పీఠాలు చాలావరకు వద్దన్నాయి. ఆడ పీఠాల బలంతోనే నెగ్గింది. ఇవాళ్టి చేతులు చెల్లకపోతే ఆనాటివీ చెల్లవు. ఆ బిరుదు దింపేయాల్సి వస్తుంది. భట్టుగారికి ఇప్పుడే చెప్పమంటారా?”

భట్టు తనకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేశాడు.

“కాదంటే ఇంకో దారుంది,” అంది నూకరత్నం. “మహారాణిగారు ఇంకా రేవు చేరి ఉండరు. ఇందాక చూపించింది సభ కాదని ఎవరినైనా పరుగెత్తించి చెప్పి పంపండి. చాలా నిజాయితీగా ఉంటుంది.”

రాజు మొహం ఎర్రబడింది. నూకరత్నం ఆ ఎరుపునే చూస్తూ నిలబడింది. ఐదేళ్ళలో రాజు తన వైపు నేరుగా చూడడం అదే మొదలు. ఆ మొహంలో ఏదో కదిలినట్టే అనిపించింది.

అంతలో రాజు పొట్ట ఊగింది. ఫక్కుమని నవ్వాడు.

“దొరికిపోయావయ్యా సోమయాజులూ! భలే పట్టింది!” రాజు నవ్వితే మంత్రి నవ్వాలి, మంత్రి నవ్వితే భటులు నవ్వాలి. అందరూ నవ్వారు. రాజు చేతి బంగారు కంకణం తీసి పళ్ళెంలో వేయించాడు. “పురిటిల్లు కట్టించండి, ఆ మంత్రసానిని పంపించండి. నూకరత్నమ్మా, ఇది నీ చమత్కారానికి. ఇంకేం కావాలో కోరుకో!”

“ఈ ఆడవాళ్ళను రేపు కూడా వాళ్ళ పీఠాల్లో కూర్చోనివ్వండి ప్రభూ.”

రాజు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. “రేపు కూడానా! విన్నావా సోమయాజులూ, రేపు కూడానట!” ఇందాకటి మాటల కంటే ఇది ఆయనకు మరింత హాస్యంగా ఉంది. నవ్వుతూనే పొట్ట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు మడతపెట్టిన ఉత్తరీయాలు చంకన పెట్టుకుని ఇళ్ళకు నడిచారు. పొద్దుగూకకముందే పొయ్యి వెలిగించాలి మరి.

మర్నాడు తోటల కాపలా ఎత్తేశారు. మామిడితోటవాడు నెగ్గాడు, గోడెక్కాడు. నూకరత్నం రేవుకు పోతూ భుజంగరావు ఇంటి ముందునుంచి నడిచింది. వీధి తలుపు వేసి ఉంది. లోపల ఆయన గొంతు ఖంగున మోగుతోంది. పక్క కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. మాణిక్యాంబ చెంగు చెంప మీదికి లాక్కుని ఉంది.

“వదినా, ఇల్లు కడతారా?”

“ఆజ్ఞ నా కొంగునే ఉంది. కడతారు.”

“అయితే చాలు. వెళ్ళు, చూస్తే మళ్ళీ మొదలెడతాడు.” రెక్క మూసుకుంది.

పురిటిల్లు కట్టారు. మట్టి గోడలు, తాటాకు కప్పు. వాకిట్లో మాత్రం రాజుగారి బిరుదులు చెక్కిన రాయి పాతారు. అది ఇంటి తలుపు కంటే ఎత్తుగా ఉంది. కంకణం అమ్మి నూకరత్నం మంచాలు, కాగులు కొంది. ఏరు పొంగి పడవలన్నీ ఒడ్డుకు చేరిన రోజున పైడితల్లి ఆ ఇంట్లో ఆడపిల్లను కంది. తల్లీ బిడ్డా బతికారు. రాజుగారికి బిరుదివ్వడం కాక మందారగిరి ప్రజాసభ ఐదేళ్ళలో చేసిన పని అదొక్కటే. అది చేసిన రోజున సభలో మగ సభ్యులు లేరు.

మంచం మీద వెల్లకిలా పడుకుని, పైడితల్లి పక్కనున్న పసిగుడ్డు వైపు చూసుకుంటూ అడిగింది.

“అమ్మా, నీ మాటలకు రాజుగారు పడీ పడీ నవ్వాడటగా? రేవులో అందరూ అదే చెప్పుకుంటున్నారు. ఎంత గొప్ప!”

నూకరత్నం కాగులోంచి వేణ్ణీళ్ళు ముంచి మంచం పక్కన పెట్టింది.

“నవ్వాడే,” అంది. “కోప్పడతాడేమోనని చూశాను. కోపమొచ్చుంటే, మమ్మల్ని చూసి భయపడ్డాడనుకునేదాన్ని.”