స్వామివారి కళ్ళజోడు

విరూపాక్షకు ఆ ఉదయం కంప్యూటర్ మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

కొండమీది ఆ చిన్న మఠంలో పూర్ణబోధ స్వామివారు రోజూ తెల్లవారకముందే లేచి భాష్యం ఒక పుట చదువుకునేవారు. రెండు నెలలుగా చూపు మందగించింది. కళ్ళజోడు పెట్టుకున్నా అచ్చు అలుక్కుపోతోంది. చదివి పెట్టమని శిష్యుల్ని నిద్రలేపడం ఆయనకు ఇష్టం లేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేవారు. అది చూడలేక విరూపాక్ష, పుస్తకాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము రాశాడు. గురుపూర్ణిమకు వినిపిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. ఆ గురుపూర్ణిమ ఇవాళే.

తీరా నడిపిస్తే అది నోరు విప్పదు. గొంతునిచ్చే లైబ్రరీ ఫైలును తెరవలేకపోతున్నానంటూ తెరమీద ఎర్రటి వాక్యం.

"ఎదురుగా పెట్టినా తెరవనంటుంది స్వామీ! పేరు సరిగ్గా ఉంది, చోటు సరిగ్గా ఉంది. అయిదుసార్లు తీసి పెట్టాను. కంప్యూటర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాను. నా ప్రోగ్రాములో వీసమెత్తు తప్పు లేదు. పాపమంతా ఈ డొక్కు యంత్రానిదే."

స్వామివారు తమ సోడాబుడ్డి కళ్ళజోడు తీసి శిష్యుడి ముక్కుమీద పెట్టారు.

"ఆ ఎర్ర వాక్యం ఏమంటోందో చదువు నాయనా."

విరూపాక్ష కళ్ళు చికిలించాడు. తెరంతా ఎర్రటి మరక.

"కనబడటం లేదు స్వామీ."

"కళ్ళజోడు లేదా?"

"ఉంది."

"ముక్కుమీదే ఉందా?"

"అక్కడే ఉంది స్వామీ. కానీ ఇది మీ కళ్ళకు చేసింది కదా..."

అంటూనే ఆగిపోయాడు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, ఇన్నిసార్లూ సగం చదివి వదిలేసిన వాక్యాన్ని చివరిదాకా చదివాడు. ఫైలు దొరికిందట, దాని రకమే వేరట. మఠం కంప్యూటర్ ముప్ఫై రెండు బిట్ల పాతది, దానిమీద తయారైన ప్రోగ్రామూ అంతే. లైబ్రరీని మాత్రం స్నేహితుడి కొత్త ల్యాప్‌టాప్ నుంచి తెచ్చాడు. అది అరవై నాలుగు బిట్లది, ఈ పాతదానికి అమరదు.

నాలుక కరుచుకున్నాడు. ముప్ఫై రెండు బిట్ల లైబ్రరీని వెతికి దించుకుని, దాని స్థానంలో పెట్టి మళ్ళీ నడిపాడు. కంప్యూటర్ కాస్త గరగరలాడి భాష్యం అందుకుంది. స్వామివారు కళ్ళు మూసుకుని పుటంతా విన్నారు. ఆ ముఖం చూస్తుంటే విరూపాక్షకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నీ ప్రోగ్రాములో తప్పు లేదు నాయనా," అన్నారు స్వామివారు, పుట అయ్యాక. "ఈ యంత్రంలోనూ లేదు."

విరూపాక్ష సిగ్గుతో తల వంచాడు. నుదుటిమీది కళ్ళజోడు జారి మళ్ళీ ముక్కుమీద పడింది.

"నా కళ్ళజోడులోనూ లేదు. ఇక ఇటిచ్చెయ్యి."