పారిపోయినవాళ్ల రాళ్లు

"నేను చేసింది తప్పా, గురువుగారూ?" అని బొప్పన అడిగి మూడు రోజులైంది. తండ్రి మంచాన పడ్డప్పుడు ఇల్లు విడిచిపోయిన అన్న పోలయ్య తొమ్మిదేళ్లకు, ఎడతెగని దగ్గుతో తిరిగొచ్చి గడప ముందు నిలబడితే, బొప్పన తలుపు తియ్యలేదు. అంతకు ముందు మాట తప్పాడని మేనమామనూ, తండ్రి దినానికి రాలేదని బావనూ అలాగే వదులుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో అతనొక్కడే.

నాలుగో రోజు పొద్దున్నే గురువు కేదారయ్యగారు అతన్ని వెంటబెట్టుకుని, ఒకప్పుడు రెండు రాజ్యాలకు సరిహద్దుగా నిలిచిన పాడుబడ్డ దుర్గానికి ఎక్కారు.

గోడ ముప్పాతిక వంతు నేలమట్టమైంది. మిగిలిన పాతికలో తల దూరేంత కంతలు. బొప్పన లెక్కకు చురుకు. చూస్తూనే నలభై ఒకటని తేల్చి, "ఎవరు కొట్టారో గాని గట్టిగానే కొట్టారు" అన్నాడు.

అక్కడ మేకలు కాసుకుంటున్న ఎల్లక్క నవ్వింది.

"ఈ రాళ్లగుట్టకు ఎవడొస్తాడు నాయనా కొట్టడానికి? కొలువులో చేరిన ప్రతి బంటూ ఒక రాయి మోసుకొచ్చి, తన గుర్తు చెక్కి, గోడలో పెట్టేవాడట. వాడు పారిపోతే ఆ రాయి పీకి లోయలోకి దొర్లించాలి. అదీ ఇక్కడి కట్టుబాటు. ఒక వానాకాలం గోడ తనంతట తనే కూలింది. దాని కింద నలిగి చచ్చిపోయినవాళ్లంతా పారిపోనివాళ్లే."

"పారిపోయినవాడి గుర్తు గోడలో ఉండనిస్తారా? అది న్యాయమా?" అన్నాడు బొప్పన. గొంతు పెరిగింది.

"న్యాయం సంగతి నాకేం తెలుసయ్యా. మా మేకపిల్లలకు మాత్రం ఈ కంతలు దూరడానికి బాగున్నాయి" అని ఆమె మందను తోలుకుపోయింది.

బొప్పన లోయ అంచున కూర్చున్నాడు. అడుగున ముళ్లపొదల్లో రాళ్లు కనబడుతున్నాయి. నిన్న రేవులో పడవవాడు చెప్పిన మాట అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు: ఇద్దరు రెక్కలు పట్టుకుంటేగాని పోలయ్య పడవ ఎక్కలేకపోయాడట. ఎక్కడికని అడిగితే చెయ్యి ఊపాడట, అంతే.

ఆ రాళ్ల వైపు చెయ్యి చూపాడు.

"దిగి వెతికితే, ఒక్క రాయినైనా తెచ్చి మళ్లీ పెట్టలేమా?"

కేదారయ్యగారు కూలిన కుప్ప వైపు చూస్తూ అన్నారు:

"రాయి దొరకొచ్చు, బొప్పనా. గోడ ఏదీ?"