ఒంటిపోగు, జంటపోగు

ప్రశ్న అడిగినవాళ్ళ చేత ముందు చెప్పులు విప్పించడం హైమావతిగారి అలవాటు. ఆవిడ ప్రయోగశాల ఉప్పుమళ్ళ ఒడ్డునే ఉంది. జవాబులు లోపలకంటే బయటే ఎక్కువ దొరుకుతాయని ఆవిడ నమ్మకం.

ఆ పొద్దున అడిగింది తారకేశ్వరి, నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. ఉప్పుమళ్ళకు గులాబీరంగు పూసే ఆర్కియా అనే సూక్ష్మజీవులున్నాయి. ఇంకో ప్రాణి తట్టుకోలేని ఉప్పులో అవి హాయిగా కాపురం చేస్తాయి. వాటికీ వైరస్‌ల పీడ తప్పదు. పీడ లేని కాపురం ఎక్కడుంది లెండి! ఆ వైరస్‌లలో కొన్నిటికి తలా తోకా ఉంటాయి, కొన్ని నిమ్మకాయల్లా ఉంటాయి. తారకేశ్వరి పట్టుకున్నదానికి మాత్రం తోకా లేదు, గట్టి చిప్పా లేదు. ఓ కొవ్వుపొర సంచీ, దాని మీద ముళ్ళూ, అంతే. నిరుడు పక్కమడిలో దొరికినదానిదీ ఇదే కట్టు, ఇవే రెండు ప్రొటీన్లు. కానీ దాని జన్యుపదార్థం ఒంటిపోగు డీఎన్ఏ, దీనిది జంటపోగు.

"వైరస్‌లను కుటుంబాలుగా విడదీసేటప్పుడు మొదట చూడాల్సింది పోగునే కదా మేడమ్! దీన్ని కొత్త కుటుంబమని ప్రకటించేద్దామా?"

కొత్త కుటుంబమైతే పేరు పెట్టే హక్కు తనది. ఆ పేరు అప్పటికే నోట్‌బుక్కు చివరిపేజీలో రకరకాలుగా రాసి చూసుకుని మురిసిపోయింది కూడా.

"విప్పు చెప్పులు," అన్నారు హైమావతిగారు.

మళ్ళలో దాలమ్మ గట్టుకు మన్ను మెత్తుతోంది. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఉప్పు తీస్తున్న మనిషి. ఆమె పక్కన ఒక గట్టు నల్లబంకమన్నుది, ఇంకొకటి ఎర్రమన్నుది.

"ఈ రెండూ ఎవరు కట్టారో చెప్పు," అన్నారు మేడమ్.

"ఎవరో ఇద్దరు. మన్నే వేరు కదా," అంది తారకేశ్వరి.

దాలమ్మ పకపకా నవ్వింది. "మన్ను సూసి మనిసిని సెప్పేత్తావేటి తల్లీ! ఆ యేడు నల్లమన్ను దొరికింది, ఈ యేడు ఎర్రది తోలినారు. రెండూ మా అత్త కట్టినవే. అడుగున గడ్డి పరిసి, మడమతో వరసకి వరస ఎదురు తొక్కుతాది. ఇంకెవురూ అలగ తొక్కరు."

తారకేశ్వరి వంగి నల్లగట్టు తడిమింది. అంచున గడ్డిపోచలు, పైన ఎదురెదురు మడమగుంటలు. ఎర్రదాన్ని తడిమింది. అవే పోచలు, అవే గుంటలు. చాలాసేపు చేతులు తియ్యలేదు.

"రెండు వైరస్‌లనీ ఒకే కుటుంబంలో రాస్తాను మేడమ్," అంది చివరికి. "నేను పెట్టుకున్న పేరే, పాపం, గాలికి పోయింది."

హైమావతిగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాలమ్మ పక్కన కూర్చున్నారు.

"చుట్టం దొరికితే మొహం వేలాడేసుకునేదాన్ని నిన్నే చూస్తున్నానే!"