చెట్టు దిగని మాటు

శాంతలింగయ్యగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా చేతిలో పని మాత్రం ఆపరు. ఆ రోజు ఆయన మఠం అరుగు మీద మోదుగాకులతో విస్తళ్ళు కుడుతున్నారు. ఎదురుగా మా తోటి శిష్యుడు బసవరాజు కూర్చుని ఉన్నాడు. ధ్యానంలో మోకాళ్ళు కదలకుండా నడుముకూ కాళ్ళకూ కలిపి యోగపట్టం అనే గుడ్డపట్టీ బిగించి కట్టుకున్నాడు. అలా మూడు మండలాలు కూర్చుంటానని అతని దీక్ష. మూడో మండలానికి అదే ఆఖరి రోజు. పక్కన మూట కూడా కట్టి పెట్టుకున్నాడు. నూట ఇరవై రోజులూ ఈగ వాలినా కదల్లేదని లోపల కాస్త గర్వం ఉంది. ఏమీ దక్కలేదన్న దుఃఖం అంతకన్నా ఎక్కువగా ఉంది.

“స్వామీ, కొయ్యలా కూర్చున్నాను. మనసు మాత్రం కోతిలాగే ఉంది. గడువు అయిపోయింది. ఇక ఇంటికి పోనా?” అన్నాడు.

ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చుతూ గురువుగారు చెప్పిన సంగతి ఇది.

అడవిలో వేటకు అడ్డులేని కాలంలో ఈ కొండ మీది చెంచుగూడెంలో ఈదన్న అనే యువకుడు ఉండేవాడు. అంకన్న కూతురు నాగమ్మ మీద మనసుపడ్డాడు. ఆమెకూ ఇష్టమే. అంకన్న మాత్రం, “పిల్లకు తిండి పెట్టేవాడివో కాదో చూడాల. మూడు మాట్లు ఇస్తా. నీ బాణంతో దుప్పిని కొట్టుకురా. లేకుంటే పిల్లను అవతలి గూడేనికి ఇచ్చేస్తా” అన్నాడు. మాటు అంటే పొంచి కూర్చోవడం. ‘ఒక మాటు’ అంటే ఒకసారి అని కూడా. ఈ రెండర్థాల మధ్య ఈదన్న పెళ్ళి ఇరుక్కుంది.

ఇప్పపూలు రాలే రోజులవి. వాటి కోసం తెల్లారేసరికి దుప్పులు వస్తాయి. ఈదన్న గాలివాలు చూసుకుని పక్క చెట్టు మీద మంచె కట్టాడు. మొదటి మాటులో గండుచీమ కుడితే చెయ్యి విదిలించాడు. దుప్పులు తోకలెత్తి ఒకటే పరుగు. రెండో మాటులో తిమ్మిరెక్కిన కాలు చాపుకున్నాడు. మంచె కిర్రుమంది. ఆ సాయంత్రం నాగమ్మ ఏడ్చింది. దాంతో ఈదన్న పంతం పట్టాడు. మూడోసారి ఇక కదిలే ప్రసక్తే ఉండకూడదని, నారతాడుతో నడుమూ తొడలూ భుజాలూ కలిపి తనను తానే చెట్టుకు కట్టేసుకున్నాడు.

చీమలు కుట్టాయి, కదల్లేదు. దుప్పి వచ్చింది, సరిగ్గా మంచె ముందుకే. తల వంచి పూలు ఏరుకుంటోంది. ఈదన్న విల్లు ఎత్తబోతే చెయ్యి లేవలేదు. తాడు కింద భుజం మొద్దుబారిపోయింది. దుప్పి కడుపునిండా తిని తీరిగ్గా వెళ్ళిపోయింది.

పొద్దెక్కాక అంకన్న వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. “మూడు మాట్లూ అయిపోయినయి. దిగిరా” అన్నాడు.

ఈదన్న అప్పటికి ముళ్ళన్నీ విప్పుకుని భుజం రుద్దుకుంటున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. “నేనింకా చెట్టు దిగలే మామా. దిగితే గదా మాటు అయిపోయేది!” అన్నాడు.

అంకన్న మండిపడుతూనే వెనక్కి తిరిగి గూడేనికి వెళ్ళిపోయాడు. ఆ పగలూ రాత్రీ ఈదన్న మంచె మీదే ఉండిపోయాడు. ఈసారి బిగుసుకుని కూర్చోలేదు. గాలికి ఆకులు కదిలినప్పుడు తానూ కాళ్ళు సర్దుకున్నాడు. ఆకులు నిలిచినప్పుడు తానూ నిలిచాడు. చీమ పాకితే పాకనిచ్చాడు. మర్నాడు తెల్లవారగానే పిట్ట ఒకటి వచ్చి అతని పక్క కొమ్మ మీదే వాలి ముక్కు తుడుచుకుంది. కాసేపటికి దుప్పి వచ్చింది. అది తల వంచినప్పుడల్లా విల్లు కొంచెం కొంచెం ఎత్తాడు.

“తగిలిందా స్వామీ?” అన్నాడు బసవరాజు ఆత్రంగా.

“ఈ మోదుగాకులు తెచ్చిచ్చింది ఈదన్న మనవరాలే. పోలికలన్నీ నాగమ్మవి,” అన్నారు గురువుగారు.

బసవరాజు మూటను దూరంగా నెట్టేశాడు. “నేనూ దిగను స్వామీ!” అంటూ గురువుగారి కాళ్ళకు మొక్కడానికి లేవబోయాడు. పట్టంలోంచి మోకాళ్ళు రాలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు.

గురువుగారు చేతిలో విస్తరి కింద పెట్టారు. ఆయన పని ఆపడం మేము చూసింది అదొక్కసారే.

“దిగొద్దులే నాయనా,” అన్నారు. “ముందు ముడి విప్పుకో.”