పిలవకుండా వచ్చిన రాజవ్వ

పశువైద్య కళాశాలలో కేదారనాథ్ గారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు కన్నా ముందు నడక దక్కుతుంది. ఆ సంగతి తెలిసీ, గొర్రెలకు బొబ్బరోగం టీకాలు వేయడానికి గుట్టల్లోకి పోతూ దారిలో ఆయన విద్యార్థిని యామిని అడగనే అడిగింది.

"సార్, ఈ బొబ్బరోగం వైరస్ చిన్నదేం కాదు, బాగా లావుపాటి వైరస్‌లలో ఒకటి. దాని బారిన పడ్డ కణం సాయం కోసం కబురు పెడుతుంది. ఒంటినిండా కాపలావాళ్లే. అయినా ఎవరూ ఎందుకు రారు?"

ఆయన విననట్టే నడిచారు. అంతలో బండల అవతల నుంచి "ఓహోయ్" అని కేక వినబడింది. కాపరులు దూరాన ఉన్నవాళ్లను పిలుచుకునే కేక అది. నిన్న కాపరి ఈరమ్మ మందలో దాన్ని ముచ్చటపడి నేర్చుకున్న యామిని, గొంతు బొంగురు చేసి అచ్చం అక్కడి మగవాళ్లలాగే "ఓహోయ్" అని బదులిచ్చింది. అవతల కేక ఆగిపోయింది. తన గొంతుకు తానే మురిసిపోయింది పిల్ల.

బండలు దాటేసరికి ఈరమ్మ చూలు గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన అత్త రాజవ్వ తాడు చుడుతోంది.

"బండల సందుల ఇరికింది డాక్టరమ్మా. ఒక్కదాన్నే గుంజలేక మా ఆయన్ని పిలిచిన. ఓహోయ్ అని పలికిండు. వస్తుండు గదా అని పిలుసుడు బంద్ జేసిన. మనిషి జాడ లేదు, గొర్రెకు ఊపిరి ఆడుతలేదు. మా అత్త రాకపోతే తల్లీ పిల్లా రెండూ పోతుండె."

పలికింది తానేనని యామిని ఎలాగో చెప్పేసి, రాజవ్వ వైపు తిరిగింది. "నీకు వినబడిందా అవ్వా?"

"నా చెవులకు ఏం ఇనవడ్తది బిడ్డా. నిరుడు గీ సందులనే ఒకటి సచ్చింది. అప్పటిసంది పిలిచినా పిలువకున్నా తాడు పట్టుకొని వచ్చి చూసిపోత."

యామిని ఆ ముసలి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. తన తప్పును ఇంకొకరు వచ్చి దిద్దిపోవడం ఎంత పెద్ద ఉపకారమో ఆమెకు అప్పుడే తెలిసింది. "నువ్వు బతికించింది గొర్రెను ఒక్కదాన్నే కాదు అవ్వా" అంది.

కేదారనాథ్ గారు అప్పుడు నోరు విప్పారు. "ఆ పలుకు ఎక్కడ నేర్చావమ్మా?"

"ఈ మందలోనే సార్."

"కణం పెట్టిన కబురును కాపలావాళ్లకు చేరకముందే దారిలో అందుకోవడం ఆ వైరస్ కూడా తానున్న ఒంటి దగ్గరే నేర్చింది" అంటూ ఆయన టీకాల ఐసు పెట్టె మూత తీసి, సూది ఆమె చేతికిచ్చారు. "పట్టు. ప్రతి గొర్రెలోనూ పిలవకున్నా వచ్చే ఒక రాజవ్వను కూర్చోబెట్టి పోదాం."